అద్దాల తొట్టిలో ఉప్పు దొంగ

“చిట్యాలల నా తెలివికి తగ్గ నేరం ఇంక పుట్టలేదు పెద్దులూ. పుడదామని చూసిందానికి గూడ నా పేరు వినంగనే గుండె జారుతాంది,” అన్నాడు పరశురాములు.

అలా అంటూ మా ముందు గదిలో కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, హైవే మీద పోతున్న లారీలను ఒక్కొక్కటిగా అనుమానించాడు. మే నెల మధ్యాహ్నం. బయట తారు కరుగుతోంది. అయినా మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడు. డిటెక్టివ్ అన్నాక మెడ బయటికి కనిపించకూడదట.

పరశురాములుకు హైవే పక్కన టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ కుర్చీలు, గిన్నెలు కిరాయికి ఇస్తాడు. విజిటింగ్ కార్డు మీద మాత్రం ‘డిటెక్టివ్ పరశురామ్, హత్యలు, అదృశ్యాలు, అంతుచిక్కని రహస్యాలు’ అని పెద్దక్షరాల్లో, అడుగున చిన్నక్షరాల్లో ‘షామియానాలు కూడా’ అని ఉంటుంది. ఇప్పటివరకు తేల్చిన కేసుల్లో చెప్పుకోదగింది ఒక పెళ్లిలో మాయమైన పెద్ద గరిటె కేసు. పెళ్లికొడుకు మేనమామ మీద నిఘా పెట్టి, ఆయన చేత అందరి ముందూ కన్నీళ్లు పెట్టించి, చివరికి గరిటెను తన ట్రాలీ ఆటోలోనే, తాను కూర్చునే సీటు కిందే పట్టుకున్నాడు. “దొంగ నా కిందనే దాస్తడని ఎవలనుకుంటరు చెప్పు,” అన్నాడు తర్వాత, మేనమామకు క్షమాపణ చెప్పడం మరిచిపోయి.

ఇంత తెలిసీ అతన్ని పిలిపించింది నేనే. నేనేమీ చదువురానివాణ్ణి కాదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ సంగతి దయచేసి కథ చివరిదాకా గుర్తుపెట్టుకోకండి.

“నీ తెలివికి తగ్గ నేరమే దొరికింది. మా చేపల తొట్టిల ఉప్పు పోతాంది,” అన్నాను.

“ఒక్కసారే పోయిందా?”

“కాదు. నేను రోజూ వేస్తున్న. మర్నాడు పొద్దూకి చూస్తె వేసింది వేసినట్టు మాయం.”

పరశురాములు కిటికీ వదిలి, మెల్లగా నావైపు తిరిగి, మఫ్లర్ ఇంకో చుట్టు బిగించాడు.

“సీరియల్ దొంగతనం,” అన్నాడు లోగొంతుకతో.

ఇక్కడ ఆ తొట్టి సంగతి చెప్పాలి. అది మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్ల తొట్టి. సముద్రం మొహం చూడని చిట్యాలలో సముద్రాన్ని ముందు గదిలో పెట్టాలనే ఆలోచన నాకెందుకు వచ్చిందంటే, హైదరాబాద్‌లో చేపల దుకాణం వాడు నన్ను “సైన్స్ సార్” అన్నాడు కాబట్టి. ఇంటికొచ్చే చుట్టాలు చూసి ముక్కున వేలేసుకుంటారని రెండు క్లౌన్ చేపలు కొన్నాను. నారింజ రంగు ఒంటిమీద తెల్లపట్టీలు. చుట్టాలెవరూ రాలేదు. వాటిని చూసింది మా అమ్మ.

మా అమ్మ గుర్వమ్మ ఆత్మకూర్ దిక్కు ఊళ్లో బతుకంతా గొర్లు కాసింది. మోకాళ్లు మొరాయిస్తే మందను అమ్మేసి ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాము. వచ్చిన దగ్గర్నుంచి గోడకేసి చూస్తూ కూర్చునేది. తిన్నవా అంటే “ఊ”, పడుకుంటవా అంటే “ఊ”. మనిషి మన మధ్యే ఉంది, మాట మాత్రం అమ్మేసిన మంద వెంట పోయింది. నేనూ నా భార్య నవనీతా ఎన్ని రకాలుగా పలకరించినా లాభం లేకపోయింది. తొట్టి వచ్చిన మర్నాడు అమ్మ తన ముక్కాలిపీట తనే లాక్కుని దాని ముందు కూర్చుంది. చాలాసేపు చూసి, “ఇది బొల్లిది. గది ఎర్రది,” అంది. మా ఇంట్లో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి నిండు మాటలు అవి. ఆ తర్వాత చేపలతో రోజూ మాట్లాడేది. మాతో కాకపోయినా, ఆ గొంతు ఇంట్లో వినిపిస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది. ఆ రెండు చేపలకు ఏమన్నా అయితే అమ్మ మళ్లీ గోడ వైపు తిరిగి కూర్చుంటుందని నా భయం. నేను కంగారుపడింది ఉప్పు కోసం కాదు.

సముద్రపు నీళ్లలో ఉప్పు వెయ్యికి ముప్పై అయిదు పాళ్లు ఉండాలి. మరీ తగ్గినా, మరీ పెరిగినా చేపలకు ప్రమాదం. కొలవడానికి మొదట ఊగే ముల్లున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి వాడాను. ముల్లుకు గాలి బుడగ అంటుకుంటే ఒక లెక్క, వేలితో తట్టి బుడగను రాలగొడితే ఇంకో లెక్క, ఇంకోసారి తడితే మూడో లెక్క. నాకు నచ్చిన అంకె వచ్చేదాకా తట్టడం నేర్చుకున్నాక, ఇది శాస్త్రం కాదని తెలిసి రిఫ్రాక్టోమీటర్ తెప్పించాను. జానెడు గొట్టం. ఒక చివరనున్న అద్దం మీద రెండు చుక్కల నీళ్లు వేసి, మూత వాల్చి, రెండో చివర నుంచి వెలుతురు వైపు చూస్తే లోపల నీలం గీత ఏ అంకె దగ్గర ఆగిందో అదే ఉప్పు. వాడేముందు ఒక పని చేయాలి. ఉప్పులేని మంచినీళ్లు వేసి, గీత సున్నా దగ్గరికి వచ్చేలా పైనున్న మర తిప్పాలి.

ఆ పని నేను చాలా పవిత్రంగా చేశాను. స్నానం చేసి వచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న పెద్ద సీసా తీసి, అందులోని తేట నీళ్లు వేసి, సున్నాకు తిప్పాను. ఆ నీళ్లే ఒక చిన్న సీసాలో పోసి, ‘సున్నా నీళ్లు, ముట్టరాదు’ అని కాగితం అంటించి తొట్టి పక్కన పెట్టాను. “అమ్మా, సీసా గాని, తొట్టి గాని ఎవ్వలు ముట్టొద్దు,” అని చెప్పాను కూడా. అమ్మ “ఊ” అంది.

తొట్టి నీళ్లు వేసి చూస్తే ఇరవై ఏడు. ఇన్నాళ్లూ చేపలు సగం సముద్రంలో బతుకుతున్నాయన్న మాట. రోజుకు కాస్త చొప్పున సముద్రపు ఉప్పు కలుపుతూ పోయాను. మొదట్లో అంకె పెరిగింది. చేపలు మాత్రం డీలాపడి రాయి వెనక దాక్కున్నాయి. ఆ తర్వాత వింత మొదలైంది. సాయంత్రం నేను వేసిన ఉప్పు, పగలు పేపర్లు దిద్దడానికి నల్లగొండ పోయి మరుసటి సాయంత్రం తిరిగొచ్చేసరికి కనిపించేది కాదు. అంకె మెట్టు మెట్టుగా దిగి మళ్లీ ఇరవై ఏడు దగ్గర కూర్చుంది. చేపలు కూడా అప్పటికి బయటికి వచ్చి తిరుగుతున్నాయట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, నేను చేపల వైపు చూడలేదు. నేను గొట్టంలో చూస్తున్నాను.

ఇక్కడ నా ఫిజిక్స్ లేచింది. ఎండకు నీళ్లు ఆవిరైతే ఉప్పు మిగులుతుంది, అంకె పెరగాలి. తగ్గిందంటే ఉప్పును ఎవరో తీసుకుపోతున్నట్టే. తర్కంలో ఎక్కడా తప్పులేదు. ఆ తర్కం పట్టుకుని నడిచి నడిచి నేను చేరిన చోటు పరశురాములు టెంట్ హౌస్.

“మొదలు ఇంట్లోవాళ్ల వాంగ్మూలం,” అన్నాడు పరశురాములు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. “వదినె, నీ మీద అనుమానం లేదు. ఉన్నా లేనట్టే మాట్లాడుత.”

“ఉప్పు సంగతి నాకు తెల్వదన్నా,” అంది నవనీత రొట్టెలు ఒత్తుతూ. “ఫిల్టర్ నీళ్ల క్యాన్లు మాత్రం జల్ది జల్ది ఖాళీ అయితున్నయ్. ఈయననే తొట్టిల పోస్తుండనుకుంటున్న.”

“నేనెందుకు పోస్త?” అన్నాను.

“మరి ఎవలు పోస్తున్నరు?”

పరశురాములు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. “నీళ్ల క్యాన్లది చిన్న కేసు. దాన్ని దీంట్ల కలిపితె పరిశోధన పలుచనైతది. తర్వాత చూద్దాం.”

ఆ తర్వాత అమ్మ పీట పక్కన గొంతుక్కూర్చున్నాడు. “పెద్దమ్మా, తొట్టిలకెల్లి ఉప్పు ఎవలు తీస్తున్నరో నీకేమన్న ఎర్కనా?”

అమ్మ అతని మఫ్లర్‌ను కాసేపు చూసింది. “దగ్గు లేసిందా?” అంది.

“లేదు పెద్దమ్మా, గిది డిటెక్టివ్ మఫ్లర్.”

“ఊ,” అని మళ్లీ చేపల వైపు తిరిగింది.

“ఈమెకేం తెల్వదు. కల్మషం లేని కండ్లు,” అని నా చెవిలో తేల్చేశాడు.

పెరట్లోకి వెళ్లాము. మా పెరటి గోడ అవతల ఖాళీ జాగా. అందులో బీరన్న మేకలు మేస్తుంటాయి. ఆ రోజు అవి మేయడం లేదు. గోడ వారగా గుంపు కట్టి, కింద పరిచిన ఎండుగడ్డిని ఒకదాన్నొకటి తోసుకుంటూ తింటున్నాయి. పరశురాములు గోడ మీదకు ఎగబాకి, అవతలికి దూకబోయి, పడ్డాడు. పడ్డచోటే బోర్లా పడుకుని గడ్డిని పరిశీలించాడు.

“తడి,” అన్నాడు. “నెత్తి మాడే ఎండల గడ్డి తడిగ ఎట్లుంటది? ఇక్కడ ఎవడో భయంతోటి చెమటలు కార్చిండు.”

గడ్డిపోచ ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. పక్కనున్న మేక అతన్ని కొత్తగా వచ్చిన మేకను చూసినట్టు చూసింది. అతను కళ్లు మూసుకున్నాడు.

“ఉప్పు. సముద్రపు ఉప్పు.”

“నువ్వెన్నడన్న సముద్రం చూసినవా?”

“చూడలె. రుచిని బట్టి అల పోటు గూడ చెప్పగల్గుత.”

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో అతను మేధావేనేమోనని నాకు అనిపించింది. ఉప్పు నా తొట్టిలోంచి గోడ దాటింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

బీరన్న తుమ్మచెట్టు నీడలో తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. పరశురాములు మోకాళ్లకంటిన మన్ను దులుపుకోకుండానే వెళ్లి అతనికి నీడ అడ్డం నిలబడ్డాడు.

“నీ మేకలు రోజూ ఈ గోడ కాడికే ఎందుకొస్తున్నయ్?”

“మ్యాతుంది, వస్తున్నయ్.”

“గడ్డి ఎవలేసిన్రు?”

“నేనే ఏసిన.”

“దాని మీద ఉప్పు ఎవలు సల్లిన్రు?”

బీరన్న గోడ వైపు చూశాడు. నావైపు చూశాడు. గడ్డం గోక్కున్నాడు. “గోడ అవతలకెల్లి పడ్తది సారూ. మంచిదే గదా అని ఊకున్న.”

“ఎవలని అడుగుతున్న.”

“పెద్దమనుషుల ముచ్చట నాకెందుకు? జర పక్కకు జరుగుండ్రి, మ్యాకలు కనవడ్తలెవ్వు.”

పరశురాములు నన్ను పక్కకు లాగాడు. “విన్నవా? పెద్దమనుషులన్నడు. దీని ఎనుక ముఠా ఉన్నది పెద్దులూ. ఈడు వట్టి రవాణా మనిషి.”

మరుసటి మధ్యాహ్నం నిఘా ఏర్పాటైంది. పరశురాములు తన టెంట్ హౌస్ నుంచి పెళ్లి కుర్చీకి తొడిగే తెల్ల కవరు ఒకటి తెచ్చాడు. దానికి వెనకాల ఎర్ర రిబ్బను ముడి కూడా ఉంది. తొట్టి పక్కన మా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆ కవరు తల మీదుగా లాక్కుని, కదలకుండా ఉండిపోయాడు. దూరం నుంచి చూస్తే కుర్చీ కాస్త లావుగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

“కండ్లకు కన్నాలేవి?” అని అడిగాను.

“కన్నాలు చేస్తె కవరు మళ్ల కిరాయికి పోదు,” అంది కుర్చీ.

నన్ను రోడ్డు మీదకు పంపాడు, దొంగలు పారిపోయే వాహనాన్ని గమనించడానికి. నేను వేపచెట్టు కింద నిలబడి ఆర్టీసీ బస్సుల నంబర్లు చదువుకుంటూ గడిపాను. తిరిగి వచ్చేసరికి కుర్చీ ఆవేశంతో ఊగుతోంది. కవరు పైకి లాగితే లోపల పరశురాములు చెమటలో తడిసి ముద్దయ్యాడు.

“దొంగ వచ్చిండు,” అన్నాడు ఆయాసపడుతూ. “నీళ్ల సప్పుడు నా చెవులార విన్న. ముంచుడు, పోసుడు. అటెన్క నా మీద కూసున్నడు.”

“నీ మీదనా?”

“నా ఒళ్లనే. శానసేపు. బరువును బట్టి చూస్తె ఆరితేరిన మనిషి. నేను ఊపిరి బిగవట్టి నిఘా పెట్టిన.”

“మరి పట్టుకోవద్దా?”

“పట్టుకుంటె నేను కుర్చీని గాదని తెలుస్తది గదా.”

గొట్టంలో చూశాను. నిన్న సాయంత్రం ఎక్కించిన అంకె మళ్లీ దిగిపోయింది. ఇరవై ఏడు. నాకు ఏడుపు వచ్చింది. పరశురాములు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇక తన ఆఖరి అస్త్రం తీయక తప్పదన్నాడు. ఉన్న ఉప్పంతా ఒక్కసారే తొట్టిలో పోయాలి. దొంగ రోజుకు కొంచెం కొంచెం మోయడానికి అలవాటు పడ్డాడు. అంత ఉప్పు ఒక్కసారిగా చూసేసరికి ఆశపడి, పెద్ద పాత్రతో వస్తాడు, దొరికిపోతాడు. తొట్టిలో అంకె కూడా ముప్పై అయిదుకు చేరుతుంది. ఒక దెబ్బకు రెండు పనులు.

ఇందులో నేను ఏం తప్పు పట్టానని మీరడగవచ్చు. ఏమీ పట్టలేదు. పైగా కాగితం తీసి, ఎనిమిది పాళ్లు పెరగాలంటే ఎంత ఉప్పు కావాలో లెక్క వేసి ఇచ్చాను. ఆ లెక్క ఇప్పటికీ సరిగ్గానే ఉంది.

మర్నాడు పొద్దున్నే బకెట్‌లో ఉప్పు కరిగించాను. బకెట్ తొట్టి అంచుకు ఆనించి ఎత్తుతుంటే అమ్మ పీట మీంచి లేచింది. మోకాళ్లు పట్టుకుని లేచి, వచ్చి, బకెట్ అంచు పట్టుకుంది.

“పొయ్యకు,” అంది.

“అమ్మా, ఉప్పు తక్వయింది. పొయ్యకుంటె చస్తయ్.”

“పొయ్యకు కొడుకా.”

“నీకు తెల్వదమ్మా. గొట్టం చెప్తాంది.”

అమ్మ గొట్టం వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మందను కొనుక్కున్నవాడు గొర్లను వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు నావైపు అలాగే చూసింది. ఆ రోజు కూడా నేను ఏదో లెక్కే చెప్పాను. అమ్మ చెయ్యి జారిపోయింది. తన పీట మీద కూర్చుని, నెమ్మదిగా పీటను గోడ వైపు తిప్పుకుంది. అయినా లెక్క సరిగ్గా ఉంది కదా. బకెట్ మళ్లీ ఎత్తాను.

“ఆగు, చారిత్రక ఘట్టం. గొంతు తడుపుకొని చూస్త,” అన్నాడు పరశురాములు. అప్పటికే కుర్చీ కవరులో మరోసారి సగం దూరి ఉన్నాడు. చేతికి అందిన సీసా మూత తీసి గటగటా తాగేశాడు.

“ఏయ్, అది సున్నా నీళ్లు,” అన్నాను.

అతను పెదవులు తుడుచుకుని సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. “ఏం సున్నానో గని మస్తుగున్నది. జర ఉప్పుప్పగ, జర తియ్యతియ్యగ. ఇంకున్నయా?”

“తియ్యగనా?”

వంటింట్లోంచి నవనీత తొంగిచూసింది. “గది ఓఆర్ఎస్ నీళ్ల తీర్గ ఉన్నది. పేపర్లు దిద్దనీకి నల్లగొండకు పోయి ఎండల వస్తడని, ఆశా వర్కర్ అక్క ఇచ్చిన ప్యాకెట్ కలిపి ఫ్రిజ్‌ల పెట్టిన. పెద్ద సీసాల. ఈయన తాగిండనుకున్న.”

నేను తాగలేదు. నేను దాన్ని సున్నా అన్నాను.

గొట్టానికి ఉప్పు తెలియదు, చక్కెర తెలియదు. నీళ్లలో ఏది కలిసినా వెలుగు ఎంత వంగిందన్నది ఒక్కటే చెబుతుంది. ఈ ముక్కను నేను ఏటా బోర్డు మీద రాస్తాను, కింద గీత కూడా గీస్తాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లను సున్నా అనుకోమని చెబితే, పాపం అది అలాగే అనుకుని, నిజం ఉప్పులోంచి అంత మేర తగ్గించి చెబుతూ వచ్చింది. నేనూ గొట్టమూ ఇద్దరం చెప్పినట్టు వినేవాళ్లమే.

బకెట్ కింద పెట్టాను. అద్దం కడిగి తుడిచి, ఫిల్టర్ క్యాన్‌లోని నీళ్లను ముందు నాలుకతో చూసి, నవనీత చేత చూపించి, పరశురాములు చేత కూడా చూపించి, అప్పుడు సున్నాకు తిప్పాను. తొట్టి నీళ్లు వేశాను. ముప్పై ఆరు.

బకెట్ పోసి ఉంటే నలభై నాలుగు. నీళ్లలో బొల్లిదీ ఎర్రదీ ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నాయి, వాటికేమీ తెలియనట్టు.

“ఇగ చూసినవా,” అన్నాడు పరశురాములు ఛాతీ విరిచి. “ఆ సీసా మీద నాకు మొదటికెల్లి అనుమానమే. పానాలకు తెగించి తాగిన.”

“తెల్సే తాగినవా?”

“విషం కావచ్చని గూడ అనుకున్న.” కాస్త ఆగి, “తాగినంక,” అన్నాడు.

కానీ ఇంకో ముడి మిగిలింది. గొట్టం మొదటి నుంచీ తక్కువ చూపించింది, సరే. నేను అన్నాళ్లు పోసిన ఉప్పు నిజంగానే ఎటు పోయింది? పోకపోయి ఉంటే ఈ చేపలు ఎప్పుడో తేలేవి. పరశురాములు కిటికీలోంచి బీరన్న వైపు వేలు చూపించాడు.

“గా ముఠానే.”

“నేనే,” అంది అమ్మ, గోడకేసి చూస్తూనే.

అందరం తిరిగాము.

“నేనే తీసిన. ఉప్పు నాకించిన జీవానికి నీళ్లు జూపియ్యకుంటె ఉసురు తగలదా? మేము గొర్లకు ఉప్పు వెట్టిననాడు ముందుగాల వాగు కాడికి తోలుతుంటిమి. నువ్వేమొ రోజూ ఉప్పు వోస్తివి. బుక్కెడు నీళ్లు తాపకపోతివి. బొల్లిది మూలకు వడ్డది. ఎర్రది నోరు తెర్సుకుంట తిరిగింది. దూపకు గొర్రె గూడ గట్లనే చేస్తది. నువ్వు నల్లగొండకు వోయినంక చెంబుతోటి గా ఉప్పునీళ్లు ముంచి గోడ అవతల బీరన్న గడ్డి మీద సల్లిన. మ్యాకలు మంచిగ తిన్నయ్. దాని జాగల క్యాను నీళ్లు వోసిన. బోరు నీళ్లు మనమే తాగం, వాటికెట్ల వోస్త?”

అమ్మ ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. నవనీత చేతిలోని రొట్టెల కర్ర అలాగే ఉండిపోయింది.

“నాకు చెప్పొద్దామ్మా?”

“ముట్టొద్దంటివి. చెప్తె గా గొట్టం జూపిస్తవ్. నాకు దాంట్ల సూడరాదు బిడ్డా. నేను వాటిని సూసిన.”

వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. సిగ్గేసింది, సంతోషమూ కలిగింది. రెండూ ఒకేసారి వచ్చి కళ్లలో నీళ్లయ్యాయి.

“నిన్న నేను కుర్చీల ఉన్నప్పుడు గూడ నువ్వేనా పెద్దమ్మా?” అన్నాడు పరశురాములు.

“నేనే.”

“నేను ఉన్నట్టు నీకు తెల్వలె గదా?”

“తెల్వకేంది? కుర్చీ గురక వెట్టవట్టె.”

“మరి తెల్సి గూడ ఎందుకు కూసున్నవ్?”

“మోకాళ్లు నొచ్చినయ్.”

పరశురాములు మఫ్లర్ విప్పి దానితో మొహం తుడుచుకున్నాడు. అతని మెడ మొదటిసారి బయటికి కనిపించింది. మామూలు మెడే.

ఆ తర్వాత అమ్మకు నేను ఫిజిక్స్ చెప్పడానికి ప్రయత్నించాను. సముద్రపు చేపకు దాహం వేయదని, అది ఉప్పునీళ్లే తాగుతుందని, డీలాపడింది దూపతో కాదని, నా ఉప్పు ఎక్కువైనందుకని. అమ్మ నమ్మలేదు. ఉప్పునీళ్లు తాగి బతికేవాటిని పాపం అంది. ఎండకు తొట్టిలో నీళ్లు రోజూ తగ్గుతాయని, ఉప్పు మాత్రం తగ్గదని, అందుకని తగ్గినంత మేర వట్టి మంచినీళ్లే పోయాలని చెప్పాను. తోడేయడం మాత్రం రోజూ వద్దని, ఎప్పుడో ఒకసారి పాత నీళ్లు కొన్ని తీసి కొత్త ఉప్పునీళ్లు పోసేది ఉంటుందని చెప్పాను.

“ఇంతకు నీళ్లు పొయ్యాల్నా వద్దా?” అంది అమ్మ.

“పొయ్యాలె. రోజూ పొయ్యాలె. నువ్వే పొయ్యాలె.”

“గట్ల సెప్పు. ఊకె తిప్పి తిప్పి సెప్తవు.”

పీట మళ్లీ తొట్టి వైపు తిరిగింది. క్యాన్ మీద చెంబు బోర్లించి పెట్టుకుంది. మొదటిసారి పాత నీళ్లు తీసినప్పుడు, అమ్మ మోకాళ్లకు పెరటిదాకా నడవడం కష్టమని, బకెట్ పట్టుకునే పని డిటెక్టివ్ పరశురామ్‌కు పడింది. అతను వెళ్లి గోడ మీదుగా గడ్డిపై పోస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, అవతలున్న బీరన్నకు వినిపించేలా, ఫలానా మేక కాలు కుంటుతోందని, దాని డెక్కలో ముల్లు చూడమని, గొర్రెలకైతే ఇంకో రకంగా చూడాలని, తాను మందను తోలిన కాలంలో ఎట్లా చూసేదో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. బీరన్న గోడ మీద మోచేతులు ఆనించి వింటున్నాడు. పరశురాములు ఖాళీ బకెట్‌తో ఎండలో నిలబడిపోయాడు. మధ్యలో కదిలితే మర్యాద కాదు.

నేను లోపల గొట్టం కంటికి పెట్టుకుని నీలం గీత కోసం వెతుకుతున్నాను. ముచ్చట ముగించుకుని అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

“పెద్దులూ, గది పక్కకు పెట్టు జర. బొల్లిది నీ దిక్కే సూస్తాంది.”

పక్కకు పెట్టి చూశాను. నిజమే, అద్దానికి మూతి ఆనించి నావైపే చూస్తోంది. నా రెండో చేతిలో మేత డబ్బా ఉంది, దానివైపే చూస్తోందనుకుంటాను. ఆ మాట అమ్మతో అనలేదు. డబ్బా మూత తీసి ఆమె చేతికిచ్చాను.